ఆర్ నేర్చుకోవాలా, పైథానా అనే ముందు ఒక బస్తా దాణా లెక్క వేయండి

మీరు అడిగింది ఒకసారి నా మాటల్లో చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దండి. మెకానికల్ చదివారు, నాలుగేళ్లుగా కోళ్ల దాణా మిల్లులో ప్లానింగ్ చూస్తున్నారు, ఎక్సెల్ బాగా వచ్చు. ఇప్పుడు ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్నవాటితో అన్నిటికన్నా మంచి నిర్ణయం ఏదో లెక్కగట్టి తేల్చే విద్య), డేటా అనాలిసిస్ వైపు వెళ్దామనుకుంటున్నారు. ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ నేర్చుకోవాలా పైథానా, ఇలాంటి లెక్కలు తేల్చే సోల్వర్ సాఫ్ట్‌వేర్లలో గురోబీయా సీప్లెక్సా, అమీర్‌పేటలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరాలా, ఉన్న 8 జీబీ ల్యాప్‌టాప్ సరిపోతుందా?

పొట్టి జవాబు: పైథాన్. ఇప్పుడే రెండూ వద్దు. వద్దు. సరిపోతుంది.

ఇక పొడుగు జవాబు. నేను ఈ పనిలో 18 ఏళ్లుగా ఉన్నాను, మొదటి ఐదేళ్లు మీలాగే దాణాలో, తర్వాత గోడౌన్లు, లారీలు, షిఫ్టులు. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి చేతిలో సొంత లెక్క ఉండదు, అందుకే ఏ టూల్ నేర్చుకున్నా నెలకే మరిచిపోతారు. మీకా ఇబ్బంది లేదు. ఈ సబ్జెక్టులోని పాత లెక్కల్లో ఒకదాని మీద కూర్చుని జీతం తీసుకుంటూ, నేర్చుకోవడానికి లెక్క ఎక్కడ దొరుకుతుందని వెతుకుతున్నారు.

1945లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికన్ ఎకనామిస్ట్ 77 రకాల తిండి పదార్థాలు, 9 పోషకాలు తీసుకుని, ఒక మనిషి ఏడాది పాటు అన్ని పోషకాలూ అందేలా అతి చవగ్గా తినాలంటే ఎంతవుతుందో చూశాడు. సరైన పద్ధతి లేక చేత్తో ఏరుకుంటూ వెళ్లి 39.93 డాలర్లు అన్నాడు. 1947లో డాంట్‌జిగ్ అనే గణితవేత్త ఇలాంటి లెక్కలకి సింప్లెక్స్ అనే పద్ధతి తెచ్చాక, అది పనిచేస్తుందా లేదా చూద్దామని ఇదే లెక్క పట్టుకున్నారు. తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి కాలిక్యులేటర్లతో, మొత్తం 120 మనిషి రోజులు కూర్చుంటే వచ్చింది 39.69 డాలర్లు. తేడా 24 సెంట్లు! సింప్లెక్స్ లేకుండానే అంత దగ్గరికి వెళ్లిన స్టిగ్లర్‌కి దండం పెట్టాలి. ఆ లెక్కలో మనిషి బదులు గుడ్ల కోడిని పెట్టండి, అదే మీ మిల్లు.

కాబట్టి మొదటి టూల్ మీ దగ్గర ఉన్న ఎక్సెలే. అందులో సోల్వర్ అని, షరతులు తప్పకుండా ఖర్చు అతి తక్కువయ్యే అంకెలు వెతికిపెట్టేది ఒకటి ఉంటుంది, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, చాలామంది పదేళ్లు ఎక్సెల్ వాడి కూడా దాని మొహం చూసి ఉండరు.

ఒక క్వింటాలు లేయర్ దాణా అనుకుందాం. రాతి పొడి, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి) కలిపి 10 కిలోలు పక్కన పెట్టేయండి, అవి ఎలాగూ మారవు. మిగిలిన 90 కిలోలు మొక్కజొన్న, సోయా, నూనె తీసిన తవుడు. మొక్కజొన్నలో ప్రోటీన్ 9 శాతం, కిలోకి ఎనర్జీ 3300 కిలో కేలరీలు, ధర 24 రూపాయలు. సోయాలో 45 శాతం, 2400, ధర 42. తవుడులో 15 శాతం, 1900, ధర 16. (ధరలు లెక్క కోసం వేసినవి, ఇవాళ్టి మార్కెట్ ధర కాదంటూ మళ్లీ నన్ను పట్టుకోకండి.) తయారైన దాణాలో ప్రోటీన్ కనీసం 17 శాతం, ఎనర్జీ కిలోకి కనీసం 2600 ఉండాలి. నిజం దాణాలో లైసిన్, మెథియోనిన్, ఫాస్ఫరస్, కాల్షియం అన్నీ వస్తాయి, వరసలు పెరుగుతాయి అంతే, లెక్క తీరు ఇదే.

ముందు కాగితం మీద రాయండి, ఎక్సెల్ మూసేసి. నా చేతిలో ఉన్నవి ఏవి? మూడు బరువులు. నాకు కావలసింది ఏంటి? ఖర్చు తగ్గాలి. నన్ను ఆపేవి ఏవి? మొత్తం 90, ప్రోటీన్ 17, ఎనర్జీ 2600. ఈ మూడు ప్రశ్నలే సబ్జెక్టు మొత్తం అంటే పెద్దవాళ్లు కోప్పడతారు గానీ, నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు చూసేది ఇదొక్కటే. పైథాన్‌లో వందల లైన్లు రాసే కుర్రాళ్లు కూడా 'మీ చేతిలో ఉన్నది ఏంటి, మీ చేతిలో లేనిది ఏంటి' అంటే తడబడతారు. మొక్కజొన్న ధర వేరియబుల్, అంటే మనం తేల్చాల్సిన అంకె, అంటారు. అది మారుతుంది నిజమే, కానీ మార్చేది మీరు కాదు కదా.

సోల్వర్‌లో పెట్టి నొక్కితే మొక్కజొన్న 55.4 కిలోలు, సోయా 22.8, తవుడు 11.8 వస్తాయి, ఖర్చు 2475 రూపాయలు. ఒక్క జాగ్రత్త: పద్ధతి దగ్గర మామూలుగా జీఆర్‌జీ నాన్‌లీనియర్ అని ఉంటుంది, దాన్ని సింప్లెక్స్ ఎల్‌పీ చేయండి. అలా వదిలేస్తే చిన్న లెక్కల్లో ఏమీ తెలియదు, పెద్దవాటిలో ఎక్కడ మొదలుపెట్టారో దాన్ని బట్టి జవాబు మారొచ్చు, అప్పుడు సోల్వర్ తప్పు అని తిట్టుకుంటారు. ఇంకోటి, గడుల మధ్యలో ఇఫ్, మ్యాక్స్ లాంటి ఫార్ములాలు పెట్టకండి, సమ్‌ప్రొడక్ట్ చాలు. ఇఫ్ పెట్టగానే లెక్క లీనియర్ (బరువుల్ని స్థిరమైన అంకెలతో గుణించి కూడటం మాత్రమే ఉండే లెక్క) కాకుండా పోతుంది, సింప్లెక్స్ మొరాయిస్తుంది.

జవాబు వచ్చాక జనం కిటికీ మూసేస్తారు. నా గొడవంతా అక్కడే. మూసేముందు సెన్సిటివిటీ రిపోర్ట్ అని ఒకటి ఉంటుంది, దాని మీద నొక్కాలి. అందులో ప్రోటీన్ వరసకి ఎదురుగా షాడో ప్రైస్ 72 అని కనబడుతుంది. అంటే ఏంటి? ప్రోటీన్ 17 నుంచి 18 చేస్తే క్వింటాలుకి 72 రూపాయలు ఎక్కువవుతుంది, టన్నుకి 720. ఎనర్జీ ఎదురుగా 0.88 ఉంటుంది, 2600 నుంచి 50 పెంచితే 44 రూపాయలు. ఇప్పుడు రోజుకి వంద టన్నులు కొట్టే మిల్లులో న్యూట్రిషనిస్టు గారు 'ఎందుకైనా మంచిది' అని ప్రోటీన్ అర శాతం ఎక్కువ పెట్టారనుకోండి. అర శాతం అంటే టన్నుకి 360, రోజుకి 36 వేలు. ఆయన పెట్టడం తప్పని నేను అనట్లేదు, పెట్టడానికి కారణం ఉండొచ్చు, కానీ ఆ 'ఎందుకైనా మంచిది' ఖరీదు రోజుకి 36 వేలని ఆ గదిలో ఎవరికీ తెలియదు. మీరు ఆ అంకె చెప్పిన రోజున మీ మాట వినడం మొదలుపెడతారు. 55.4 కిలోలు అన్న జవాబు పాత ఫోర్‌మన్ కూడా అటూఇటూగా నోటితో చెప్పేస్తాడు. 72 మాత్రం చెప్పలేడు.

ఇప్పుడు లెక్క చెడగొడదాం. సోయా దొరకట్లేదు, క్వింటాలుకి 20 కిలోలకి మించి వాడటానికి లేదు అని ఒక షరతు కలపండి. సోల్వర్ చేతులెత్తేస్తుంది, ఇన్‌ఫీజిబుల్ అంటుంది. కొత్తవాళ్లకి ఈ మాట చూడగానే టెన్షన్, ఏదో తప్పు చేశామని. తప్పేం లేదు, ఈ షరతులన్నీ కలిపి తీర్చడం ఎవరి వల్లా కాదని చెప్తోంది, ఒక రకంగా అది కూడా జవాబే. కానీ మీ మేనేజర్ దగ్గరికి వెళ్లి 'కుదరదండి' అంటే ఊరుకుంటాడా, మధ్యాహ్నం మూడు గంటలకి మిల్లు తిరగాలి. అప్పుడు చేసేది ఏంటంటే, ప్రోటీన్ షరతుకి 'తక్కువ పడితే ఎంత' అని ఒక గడి కలిపి, ఆ గడికి భారీ జరిమానా ధర వేసి ఖర్చులో చేర్చడం. అలా చేస్తే, ఎనర్జీ నిలబెట్టి ప్రోటీన్ వదిలితే 16.1 దగ్గర ఆగుతుందని తెలుస్తుంది. అదే ప్రోటీన్ 17 నిలబెట్టి ఎనర్జీ వదిలితే 2393కి పడిపోతుంది. ఈ రెండింట్లో ఏది తీసుకోవాలో న్యూట్రిషనిస్టు చెప్పాలి, మీరు కాదు, సోల్వర్ అంతకన్నా కాదు. ఈ జరిమానా గడుల పద్ధతి కోర్సుల్లో చివరి వారంలో వస్తుంది, వస్తే. ఉద్యోగంలో మొదటి రోజే కావాలి.

ఇక్కడిదాకా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు గమనించారా.

డేటా అనాలిసిస్ ఎక్కడ వస్తుంది అంటే, నాకు ఎలా వచ్చిందో చెప్తాను. నేను మొదట పనిచేసిన మిల్లులో సోయా సర్టిఫికెట్ మీద 45 అని ఉండేది, నేనూ 45 అనే వేసేవాణ్ని. లెక్క అద్భుతంగా ఉంది, ఖర్చు తగ్గింది, నాకు భుజం తట్టారు కూడా. మూడు వారాలకి ఫారాల నుంచి ఫోన్లు, గుడ్డు సైజు తగ్గిందని. సోయా బయట ల్యాబ్‌కి పంపితే 43 వచ్చింది. పై లెక్కలో అదే మిశ్రమం ఉంచి 45 బదులు 43 వేసి చూడండి, బస్తాలోకి వెళ్లేది 17 కాదు, దాదాపు 16.5. పాత ఫోర్‌మన్ చేత్తో కలిపినప్పుడు ఈ సమస్య ఎందుకు రాలేదంటే, ఆయన ఎప్పుడూ ఒక గుప్పెడు ఎక్కువే వేసేవాడు. సోల్వర్ అలా కాదు, గట్టు అంచునే నడుస్తుంది, మీరిచ్చిన అంకె రెండు పాయింట్లు తప్పైతే నేరుగా కాలవలోకే.

అప్పుడు కూర్చుని రెండేళ్ల ల్యాబ్ రిపోర్టులు, కాటా చీటీలు ముందేసుకుని సప్లయర్ వారీగా సగటు ఎంత, అటూఇటూ ఎంత ఊగుతోంది అని తీశాను. ఆ ఊగిసలాటకి కొలత స్టాండర్డ్ డీవియేషన్, సగటులోంచి అందులో సగం తీసేసి ఆ అంకెని లెక్కలో వేయడం దాణా ఫార్ములేషన్‌లో పాత అలవాటే. కొలతలు గంట ఆకారంలో పరుచుకుని ఉంటే మూడు లాట్లలో రెండు ఆ అంకెకి పైనే ఉంటాయి. నాకది అప్పటిదాకా తెలియదు. ఒక సప్లయర్ సరుకు రూపాయి చవక, కానీ ఊగిసలాట ఎక్కువ. ఆ సగం తీసేశాక అతనిదే ఖరీదైన సరుకని తేలింది. డేటా అనాలిసిస్ వేరు, ఆపరేషన్స్ రీసెర్చ్ వేరు అని కోర్సులు అమ్మేవాళ్లు విడదీశారు గానీ, పనిలో ఒకదాని నోట్లోంచి ఇంకోటి వస్తుంది.

ఆ రెండేళ్ల చీటీలు ఎక్సెల్‌లో చేశాను, చేతులు పడిపోయాయి. అందుకే పైథాన్, అందులో పట్టికల పనికి పాండాస్ అనే లైబ్రరీ. వెస్ మెక్‌కినీ అనే అతను 2008లో ఒక ఇన్వెస్ట్‌మెంట్ సంస్థలో పనిచేస్తూ ఇలాంటి విసుగుతోనే మొదలుపెట్టాడు. మీకు మొదట కావాల్సింది అందులో నాలుగైదు పనులే: ఫైలు చదవడం, గుంపులు చేసి సగటు తీయడం, రెండు పట్టికలు కలపడం, తేదీలు సరిచేయడం. పట్టికలు కలిపే మెర్జ్ దగ్గర మాత్రం ఆగి నేర్చుకోండి. అందులో వాలిడేట్, ఇండికేటర్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. ఒక చీటీకి రెండు రేట్లు తగులుకుంటే మొదటిది ఎర్రర్ ఇస్తుంది, ఏ వరసకి జోడీ దొరకలేదో రెండోది చూపిస్తుంది. ఇవి వాడని వాళ్ల రిపోర్టుల్లో టన్నులు రెట్టింపు అవ్వడం నేను ఎన్నిసార్లు చూశానో.

మన దగ్గర డేటాకి మనవే జబ్బులు ఉంటాయి, ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ ఉండవు. ఊరి పేర్లు ఇంగ్లీషులో రాస్తారు కదా, భీమవరంలో 'వ'కి ఒకడు వి రాస్తాడు, ఇంకొకడు డబ్ల్యూ. 'పేట'లో టి పక్కన ఒకడు హెచ్ పెడతాడు, ఒకడు పెట్టడు. కంప్యూటర్‌కి అవి నాలుగు ఊళ్లు. బస్తా అంటే ఒక బ్రాంచిలో 50 కిలోలు, ధాన్యం వైపు నుంచి వచ్చిన గుమాస్తాకి 75. మూడో తేదీ నాలుగో నెలా, నాలుగో తేదీ మూడో నెలా అన్నది ఫైలు ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో దాన్ని బట్టి. నాలుగు నెలలు నేర్చుకోవాలనుకుంటే రెండు నెలలు దీనికే పోతుందని ముందే అనుకోండి, విసుక్కోకండి.

దాంతోపాటు డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. దీని గురించి ఎక్కువ చెప్పను, మీ ఈఆర్‌పీలోంచి (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఉండే కంపెనీ సాఫ్ట్‌వేర్) డేటా మీరే తీసుకోగలిగేంత వస్తే చాలు, మూడు వారాల పని. ఐటీ వాళ్లని బతిమాలే బాధ తప్పుతుంది.

ఎక్సెల్ సోల్వర్‌ని ఎప్పుడు వదలాలి? అదే మిమ్మల్ని వదిలేస్తుంది, 200 వేరియబుల్ గడులు దాటితే ఒప్పుకోదు. నాలుగు రకాల దాణా, ఇరవై సరుకులు, నాలుగు వారాలు అనేసరికి 320 అయిపోయింది. అప్పుడు ఓపెన్‌సోల్వర్ అనే ఉచిత యాడ్-ఇన్ ఉంది, న్యూజీలాండ్‌లో ఆక్లండ్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, దానికి ఆ హద్దు లేదు. కానీ ఆ దశకి వచ్చారంటే పైథాన్‌లో ఇలాంటి మోడల్స్ రాసే పల్ప్ అనే లైబ్రరీకి మారిపోవడం మేలు. పల్ప్ ఇన్‌స్టాల్ చేస్తే సీబీసీ అనే ఉచిత సోల్వర్ దాంతోనే వస్తుంది. హైజ్ అని ఇంకోటి ఉంది, ఎడిన్‌బరో యూనివర్సిటీలో పుట్టింది, అదీ ఉచితమే, పైథాన్‌లోని శాస్త్ర లెక్కల లైబ్రరీ సైపై లోపల లీనియర్ లెక్కలకి ఇప్పుడు వాడేది దాన్నే. నేను రోజూ వాడేది హైజే.

పల్ప్‌లోకి మారాక అసలు మిల్లు షరతులు పెట్టడం మొదలవుతుంది. సైలోలు ఆరే ఉన్నాయి కాబట్టి ఆరు సరుకులకి మించి వాడటానికి లేదు. తవుడు వేస్తే కనీసం 3 కిలోలు వేయాలి, అంతకన్నా తక్కువ మన కాటా తూయలేదు, లేదంటే అసలు వేయొద్దు. ఇలాంటివి 0 లేదా 1 మాత్రమే తీసుకునే గడితో రాయాలి. తవుడు వాడితే 1, లేకపోతే 0. తవుడు బరువు ఆ గడికి 3 రెట్లకి తగ్గకూడదు, 90 రెట్లు దాటకూడదు. గడి 0 అయితే తవుడు 0, 1 అయితే 3కీ 90కీ మధ్య. చాలా కిటుకులు ఈ ఒక్కదానికి పిల్లలే. ఆ 90 దగ్గర మాత్రం జాగ్రత్త, చాలామంది బద్ధకించి అక్కడ పది లక్షలు వేస్తారు. సోల్వర్‌కి 0.00001 కూడా సున్నా కిందే లెక్క, దాన్ని పది లక్షలతో గుణిస్తే 10 కిలోలు. గడి సున్నా అంటుంది, బస్తాలో 10 కిలోల తవుడు ఉంటుంది! నేను ఒక రాత్రంతా వెతికాను దీనికోసం. ఇంకో సంగతి, ఇలాంటి 0-1 గడులు పెట్టాక ఎక్సెల్ సెన్సిటివిటీ రిపోర్ట్ ఇవ్వదు, షాడో ప్రైస్‌కి అర్థం పోతుంది కాబట్టి. అప్పుడు 17 వేసి ఒకసారి, 17.5 వేసి ఒకసారి నడిపి తేడా చూసుకోవడమే.

గురోబీ, సీప్లెక్స్ సంగతి. రెండూ గొప్ప సోల్వర్లు, రెండింటి వెనకా రాబర్ట్ బిక్స్‌బీ అనే పెద్దాయన ఉన్నాడు. ముందు సీప్లెక్స్, అది చేతులు మారి ఐబీఎం దగ్గరికి చేరింది. 2008లో గు, రోత్‌బర్గ్, బిక్స్‌బీ ముగ్గురూ కలిసి పెట్టిన కంపెనీ గురోబీ, ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి. మన పిల్లలకి తాతల పేర్లు కలిపి పెట్టినట్టు. పైథాన్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే గురోబీ 2000 వేరియబుల్స్, 2000 షరతుల వరకు ఉచితంగా నడుస్తుంది, సీప్లెక్స్ ఉచిత ఎడిషన్ 1000 వరకు. యూనివర్సిటీలో ఉన్నవాళ్లకి పూర్తిగా ఉచితం. కంపెనీకైతే డబ్బు కట్టాలి, అదేం చిన్న మొత్తం కాదు. నేర్చుకోవడానికి అవి అక్కర్లేదు, ఎందుకంటే మోడల్ రాయడం వస్తే పల్ప్‌లో ఒక్క మాట మార్చి అదే మోడల్‌ని గురోబీతో నడపొచ్చు.

'మరి హైజ్ గంట తీసుకుంటోంది, గురోబీ నిమిషంలో చేస్తుందట' అంటారు. నిజమే కావచ్చు. కానీ ముందు సోల్వర్ నడుస్తూ రాసే లాగ్‌లో గ్యాప్ అనే అంకె చూడండి. చేతిలో ఉన్న జవాబుకీ, ఇంతకన్నా బాగా రావడం అసాధ్యం అని సోల్వర్ రుజువు చేసిన హద్దుకీ మధ్య దూరం అది. గురోబీ మామూలుగా 0.01 శాతం వచ్చేదాకా ఆగదు. మీ సోయా ప్రోటీనే రెండు పాయింట్లు అటూఇటూ ఊగుతుంటే పైసల లెక్క కోసం గంట ఎందుకు? గ్యాప్ 1 శాతం పెట్టండి, చాలాసార్లు ఆ గంట కాస్తా రెండు నిమిషాలవుతుంది. అయినా కుదరకపోతే, అప్పుడు మీ దగ్గర 'ఈ మోడల్ వల్ల నెలకి ఇంత మిగిలింది' అన్న కాగితం ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని లైసెన్స్ అడగండి. నేను లైసెన్స్ ముందు కొనిపించి మోడల్ తర్వాత రాసిన చోట, అది ఏడాది పాటు ఖాళీగా పడి ఉంది. సిగ్గుపడాల్సిన విషయమే.

ఆర్ మీద నాకు కోపం లేదు. గణాంకాల పనికి, బొమ్మలు గీయడానికి ఇప్పటికీ నాకు అదే ఇష్టం, మీరు వ్యవసాయ యూనివర్సిటీలోనో పరిశోధనలోనో ఉంటే ఆర్ అనేవాణ్ని. మిల్లులో రేపు మీరు రాసింది ఇంకొకళ్లు చూసుకోవాలి, ఆ ఇంకొకళ్లకి పైథాన్ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అంతే కారణం.

షిఫ్టుల పట్టికలు వేయాల్సి వస్తే మాత్రం పల్ప్ పక్కనపెట్టి గూగుల్ ఓఆర్-టూల్స్‌లో సీపీ-శాట్ అనే సోల్వర్ చూడండి. ఎవరు ఏ రోజు, రాత్రి షిఫ్టు తర్వాత పొద్దున షిఫ్టు వద్దు, లాంటి లెక్కల్లో అది చెలరేగిపోతుంది. దానికి దశాంశాలు పడవు, పూర్ణాంకాలే ఇవ్వాలి, కిలోల్ని గ్రాములు చేసి ఇస్తే సరి.

ఏ మోడల్ చూపించినా మీ మేనేజర్ అడగబోయే ప్రశ్న ఇప్పుడే చెప్తున్నాను: 'ఇది కుదరదు, దీని తర్వాత మంచిది ఏది?' ఇది వెటకారం అనుకోకండి, చాలా లోతైన ప్రశ్న. మన తెలుగువారే, మిషిగన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన కట్టా గోపాలకృష్ణ మూర్తి గారు 1968లోనే దీని మీద పేపర్ రాశారు, ఎవరికి ఏ పని అప్పగించాలి అనే లెక్కలో మొదటి మంచిది, రెండో మంచిది, మూడో మంచిది అని వరసగా తీసే పద్ధతి. కాబట్టి ఎప్పుడూ ఒక్క జవాబుతో వెళ్లకండి. వచ్చిన జవాబుని నిషేధిస్తూ ఒక షరతు కలిపి మళ్లీ నడిపితే రెండోది వస్తుంది, మూడు పట్టుకెళ్లండి. వాళ్లు రెండోది ఎంచుకుని, ఎందుకో చెప్తారు. ఆ 'ఎందుకు'లోనే మీకు ఎవరూ చెప్పని షరతు బయటపడుతుంది. తవుడు ఎక్కువైతే దాణా దుమ్ముగా వస్తోందనీ, రైతులు వెనక్కి పంపుతున్నారనీ నాకు తెలిసింది అలాగే.

అమీర్‌పేట కోర్సు: అక్కడ ఎస్‌క్యూఎల్, పైథాన్ బాగా చెప్పేవాళ్లు ఉన్నారు, నేనూ అక్కడ జిరాక్స్ మెటీరియల్‌తో చదువుకున్నవాణ్నే. కానీ ఆరు నెలల డేటా సైన్స్ అంటే చివరికి అందరి రెజ్యూమెలో అదే టైటానిక్ ప్రాజెక్టు ఉంటుంది, ఎవరు మునిగారు ఎవరు తేలారు అని. మీ రెజ్యూమెలో దాణా ఖర్చు లెక్క ఉంటే నేను మిమ్మల్నే పిలుస్తాను. సిద్ధాంతం కావాలంటే ఐఐటీల వాళ్ల వీడియో పాఠాలు ఉండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ జి. శ్రీనివాసన్ గారి పాఠాలు ఉచితం, బోర్డు మీద సింప్లెక్స్ చేత్తో చేసి చూపిస్తారు. ఆయన చేసినట్టే మీరూ రెండు లెక్కలు చేత్తో చేయండి, మూడోది అక్కర్లేదు.

దాణా తర్వాత రెండో లెక్కగా రవాణా తీసుకోండి, మీ గోడౌన్ల నుంచి ఫారాలకి. రేషన్ బియ్యం ఏ గోడౌన్ నుంచి ఎక్కడికి వెళ్లాలన్న దానికి కేంద్రం 2024 డిసెంబరులో అన్న చక్ర అని తెచ్చింది, ప్రపంచ ఆహార కార్యక్రమం, ఐఐటీ ఢిల్లీ వాళ్లతో కలిసి. మూలంలో మీరు వేయబోయే లెక్క అదే, సైజు వేరు.

చాట్‌బాట్‌తో కోడ్ రాయించుకోవచ్చా అని ఎలాగూ అడుగుతారు. రాయించుకోండి, నేనూ రాయించుకుంటాను. కానీ కనీసం అన్నచోట గరిష్ఠం పెట్టి, చాలా నమ్మకంగా జవాబు చేతిలో పెడుతుంది. అందుకే చేత్తో జవాబు తెలిసిన చిన్న లెక్క ఒకటి దగ్గర పెట్టుకుని, ప్రతిసారీ ముందు దాన్ని నడిపించి చూడాలి. పైన ఇచ్చిన మూడు సరుకుల లెక్క అందుకే ఇచ్చాను.

ఈ ఆదివారం అది ఎక్సెల్‌లో వేయండి. 2475 వస్తే సరే. 2111 వస్తే మాత్రం మొత్తం 90 కిలోలు అన్న షరతు మరిచిపోయారని అర్థం, బరువులు కూడి చూసుకోండి, 90 పట్టాల్సిన చోట దాదాపు 122 కిలోలు కూరి ఉంటారు, అందులో సోయా ఒక్క గింజ కూడా ఉండదు. ఇంకేదైనా అంకె వస్తే మీ గడుల ఫార్ములాలతో సహా ఇక్కడ రాయండి, చూస్తాను.